చూరు కారుచుండగా శీతలయంత్రమేల?

ఇల్లు ముసలిదైన వెంటనే దానికి జ్వరము వచ్చినదని నిర్ణయించి, చల్లగాలిని మందుగా వ్రాసియిచ్చు వైద్యులు నేడు మన దేశమున మెండుగా బయలుదేరినారు. మహనీయుడొకడు నివసించిన యిల్లు ప్రభుత్వము వశమై స్మారక ప్రదర్శనశాల యగును. కొన్ని యేండ్లకు గోడలపై చెమ్మ కనుపించును. పటముల వెనుక బూజు పట్టును. పుస్తకముల అంచులు పురుగులు తినును. అంతట నొక సభ జరుగును. అందు ఆధునీకరణమను మాట పుట్టును. ఆ మాట కర్థమేమని యడిగితిమా, ప్రత్యుత్తర మొక్కటే: కిటికీలు మూయుడు, ఏసీ యంత్రములు బిగింపుడు. యంత్రములు వచ్చును. రిబ్బను కత్తిరింతురు. ఛాయాచిత్రములు తీయింతురు. చూరు మాత్రము పూర్వమువలెనే కారుచుండును.

ఈ వైద్యము రోగమును కుదుర్చునది కాదనియు, రోగికే ముప్పు తెచ్చుననియు నేను చెప్పదలచినాను. స్మారకగృహమున మొదటి ప్రదర్శనవస్తువు ఆ గృహమే. దానిని బిరడా వేసిన సీసావలె బిగించి, లోపలి నాలుగు వస్తువులను చల్లబరచుట పరిరక్షణము కానేరదు. ముందు కప్పు, పిదప నీరు పోవు కాలువ, పిదప గోడ, పిదప గాలి, కట్టకడపట యంత్రము: ఇదియే క్రమము. ఈ క్రమమును తలక్రిందులు చేయువాడు ఎంత విద్యావంతుడైనను, ఎన్ని నిధులు తెచ్చినవాడైనను, మన వారసత్వమునకు మేలు చేసినవాడు కాడు.

అక్కుపల్లి సముద్రతీరమున పుట్టి, పలాస, టెక్కలి న్యాయస్థానములలో వకీలు వృత్తి చేసికొనువానికి ఈ తగవుతో నేమి పని యని కొంద రడుగవచ్చును. పని కలదు. ఉప్పుగాలి యన నేమో మా ఉద్దానమువారికి ఎవరును నేర్పనక్కరలేదు. క్రొత్త తాళముకప్ప రెండు వర్షాకాలములలో త్రుప్పుపట్టి తాళముచెవిని మ్రింగివేయును. పెట్టెలోని పట్టుచీర మడతలవెంట మరకలు తేరును. దస్తావేజుల కట్ట విప్పినచో ముక్కు మూసికొనవలసి వచ్చును. గ్రంథాలయోద్యమమున స్వచ్ఛందసేవకుడనై పఠనమందిరముల బీరువాలు తెరచి మూయుటలో నా సాయంకాలములు పెక్కు గడచినవి. తేమ నాకు పుస్తకములలో చదివిన శత్రువు కాదు, చిరకాలపు ప్రతివాది.

ఇక ఇండ్ల మాట. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారి యిల్లున్నది. 1848 లో జన్మించిన ఆ మహాశయుడు 1881 డిసెంబరు 11 వ తేదీన ప్రథమ వితంతు వివాహమును జరిపించినది ఆ పట్టణముననే, తన యింటనే. ఊరు ఊరంతయు వెలివేయుదు మని బెదరించుచుండగా ఆ గడపలోపల పెండ్లిపీట వేయబడినది. విజయనగరమున గురజాడ అప్పారావుగారు నివసించిన యిల్లు స్మారకమై నిలిచియున్నది. ఆయన కన్యాశుల్కము 1892 లో తొలుత ప్రదర్శింపబడి, 1897 లో అచ్చుపడి, 1909 లో రూపు మారి పెరిగి తిరిగి వెలువడినది. ఆడుపిల్లను అమ్ముకొనుట పాపమని మా ఉద్దానపు పల్లెలలో నేడు ఎవరును వాదింపనక్కరలేకుండుటకు మూలమైన ధైర్యములో కొంత ఆ రెండు గడపలు దాటి వచ్చినదే. కాబట్టి ఆ యిండ్ల గోడలలో చెమ్మ చేరిన అది రాజమహేంద్రవరమువారి గొడవ, విజయనగరమువారి గొడవ యని మనము చేతులు కడుగుకొనరాదు.

మా వృత్తిలో నొక నియమము కలదు. మూలపత్రము దొరకుచుండగా నకలును తెచ్చి చూపినచో న్యాయాధిపతి దానిని ప్రక్కకు నెట్టును. మహనీయుని కండ్లద్దములు, చేతికఱ్ఱ, కుర్చీ, వ్రాతబల్ల, పటములు వానివాని మేరకు విలువైనవే. కాని ఆయన ఎంత ఇరుకుగదిలో కూర్చుండి అంత విశాలమైన తలపు తలచెనో, వీధి కేకలు ఏ కిటికీగుండ ఆయన చెవిని బడెనో, వానకాలమున ఏ పంచలో బంధుమిత్రులు చేరిరో చెప్పగలది ఇల్లొక్కటే. అది మూలపత్రము. దాని కిటికీలకు ఇటుకలు పేర్చి, కప్పుక్రింద తెల్లని బూటకపు కప్పు దించి, గోడలకు గొట్టముల కన్నములు పొడిచి, దానిని ఏ బ్యాంకు గదియో యన్నట్లు మార్చిన పిమ్మట మనము చూపునది నకలు మాత్రమే.

వస్తువులు దక్కి యిల్లు పోవుట యెట్టిదో తెలియగోరువారు హైదరాబాదు చరిత్ర చూడవలెను. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాను 1949 లో గతించిన పిమ్మట ఆయన సేకరించిన అపురూప వస్తుజాలమును ఆ వంశమువారి దివాన్ దేవిడీలోనే అమర్చి, 1951 డిసెంబరు 16 వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిరి. 1961 లో పార్లమెంటు శాసనమున అది జాతీయ ప్రాముఖ్యముగల సంస్థ యయ్యెను. 1968 లో వస్తువు లన్నియు మూసీతీరపు క్రొత్త భవనమునకు తరలినవి. వస్తువులు క్షేమము, సందేహము లేదు. ఆ సంస్థ మనకు గర్వకారణము. కాని దివాన్ దేవిడీ యేమైనది? కూలిపోయినది. ద్వారములు మాత్రమే ఆనవాళ్లుగా మిగిలినవి. మేలిముసుగు రెబెకా పాలరాతి విగ్రహమును నేడును చూడవచ్చును. దానిని కొనియుంచిన వంశము కాపురమున్న మేడ నెవ్వరు చూపగలరు? అంత పెద్ద సంస్థ విషయముననే ఇల్లు వెనుకబడి నశించినప్పుడు, రెండు మూడు గదుల పెంకుటింటి గతి యేమగునో ఊహింపవలెను.

నా వాదమును ఖండింపదలచువారి పక్షమున నేనే కొంత చెప్పెదను. తేమ శత్రువు కాదని నేననుట లేదు. గాలిలోని తేమ నూటికి 65 నుండి 70 పాళ్లు దాటి కొన్నాళ్లు నిలిచిన యెడల కాగితముపై, వస్త్రముపై, తాళపత్రముపై బూజు పుట్టును. మన కోస్తాతీరమున వర్షాకాలపు తేమ నెలలతరబడి ఆ మేరను మించియేయుండును. కావున ఏమియు చేయకుండుటయే సంప్రదాయమని కూర్చుండువారు నాకు మిత్రులు కారు. వారి సోమరితనమునకు నా వ్యాసమును సాక్ష్యముగా దాఖలు చేసికొనవలదని వారికి మనవి.

అయినను తేమ తగ్గించుటయు, చల్లబరచుటయు ఒకటి కాదు. ఈ సంగతి మా పలాస జీడిపప్పు కార్ఖానాలలోని ఆడువారిని అడిగిన చెప్పుదురు. పిక్కను కొట్టి తీసిన పప్పును వేడిగదిలో ఆరబెట్టిన గాని పైపొర ఊడదు. ఆరుట మితిమీరెనా, పప్పు పెళుసుబారి, ఒలుచునప్పుడు విరిగి గుండు కాస్త బద్ద యగును, ధర పడిపోవును. ఆరుట చాలకపోయెనా, డబ్బాలో చేరి బూజు పట్టును. అతితేమయు చేటే, అతిశోషణమును చేటే. నడుమ నొక మేర కలదు, ఆ మేర నిలకడగా నుండవలెను. నూరేండ్లు సముద్రపుగాలిలో మెలగిన టేకుబల్ల, తాళపత్రము, పటపుచట్రము ఆ జీడిపప్పు వంటివే. వానిని నిన్నటిదాక నూటికి 75 పాళ్ల తేమలో నుంచి, నేడు గంటలో 50 కి దింపి, రాత్రి మరల 80 కి ఎక్కించినచో కఱ్ఱ పగులును, అతుకులు వీడును, రంగు పెచ్చులూడును. ఎండుట కంటెను, నానుట కంటెను, ఈ ఎక్కిదిగుటయే ఎక్కువ హాని.

ఇప్పుడు యంత్రముచేయు పని నొక చిన్న లెక్కతో చూతము. వెలుపల వేడి 30 డిగ్రీలు, తేమ నూటికి 80 పాళ్లు అనుకొందము. మన తీరమున నిది వింత కాదు. అట్టి గాలి ఘనమీటరునందు సుమారు 24 గ్రాముల నీరుండును. దానిని 24 డిగ్రీల కుదించి, తేమను 55 పాళ్ల కుంచవలెనన్న అందు సుమారు 12 గ్రాములకు మించి యుండరాదు. అనగా సగము నీరు పిండివేయవలెను. 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, 12 అడుగుల యెత్తుగల గదిలో సుమారు 100 ఘనమీటరుల గాలి పట్టును. పాతయింటి తలుపుసందులు, పెంకుల సందులు విడిచి గాలి గంటకొకసారి మారినచో, దినమునకు 29 లీటర్ల నీరు, రమారమి రెండు బిందెలు, ఒక్క గదినుండియే తోడిపోయవలెను. బావి తోడుటకు మనిషి యుండవలెను గదా! ఈ గాలిబావికి ఎవరు కాపలా?

అంతటితో తీరలేదు. ఆ 30 డిగ్రీల గాలి 26 డిగ్రీల చల్లని దేనిని తాకినను చెమర్చును. చల్లని లోటా పైన నీటిబొట్లు తేరుట చూడనివారు లేరు. గదిని 22 డిగ్రీలకు చల్లబరచి, గోడలను చలువరాళ్లవలె చేసి, సాయంకాలము తలుపు తెరచినచో ఆ గోడయే లోటా యగును. చెమట పటము వెనుకను, బీరువా మూలలను, సున్నపుపూత లోపలను నిలిచిపోవును. పైగా సామాన్యమైన ఏసీ యంత్రము వేడిని కనిపెట్టునే గాని తేమను కనిపెట్టదు. గది చల్లబడగనే దానిలోని ప్రధానభాగము ఆగును. పంకా మాత్రము తిరుగుచు, లోపలి తీగలపై పేరిన నీటినే మరల గదిలోనికి ఊదును. గదికి తగినదానికంటె పెద్ద యంత్రమును పెట్టితిమని గర్వించువారు వినవలెను: పెద్దదైనకొలది అది త్వరగా ఆగును, త్వరగా ఆగినకొలది గది చల్లగా, చిత్తడిగా నుండును. బూజునకు ఇంతకంటె సుఖనివాసము వేరొకటి కలదా?

ఇది గణితపు బెదిరింపు కాదు. కొన్ని యేండ్లక్రితము నేనొక స్మారకగృహమును చూడబోతిని. ఊరు పేరు అనవసరము. ఉదయము 10 గంటలకు యంత్రము వేసి, సాయంకాలము 5 గంటలకు ఆపి, తాళమువేసి పోవుట అచ్చటి యేర్పాటు. కరెంటు ఖర్చు తగ్గించుటకట! కాపలాదారు మంచివాడు. నేను గోడకు వ్రేలాడు నొక ఛాయాచిత్రమును జరుపవచ్చునా యని యడుగగా ఒప్పుకొనెను. పటము వెనుక అరచేతియంత పచ్చని బూజు. పటము ముందరి మహనీయుడు చిరునవ్వుతో చూచుచునే యున్నాడు. "యంత్రము పెట్టకమునుపు ఇంత లేదు బాబూ, కిటికీలు తెరచి యుండెడివి" అని ఆ ముసలివాడు మెల్లగా ననెను. ఆ మాట ఏ నివేదికలో చేరినది? కాపలాదారు మాటను వ్రాసికొను నివేదిక నింతవరకు నేను చూడలేదు.

ఇక తుపాను మాట. 2018 అక్టోబరు 11 వ తేదీ వేకువజామున తిత్లీ తుపాను మా పలాస ప్రాంతముననే తీరము దాటెను. కొబ్బరితోటలు, జీడితోటలు నేలమట్టమయ్యెను. విద్యుత్ స్తంభములు వరుసలు వరుసలుగా ఒరిగిపోయెను. పల్లెలు పెక్కు దినములు చీకటిలో మునిగినవి. దానికి నాలుగేండ్లు ముందు, 2014 అక్టోబరు 12 వ తేదీన, హుద్‌హుద్ విశాఖపట్టణమును తాకినప్పుడు అంతటి మహానగరమే కొన్ని దినములు దీపము లేక గడపెను. ఆ విశాఖ సముద్రతీరముననే పాత డచ్చి బంగళాలో 1991 నుండి నొక మ్యూజియము నడచుచున్నది. ఇట్టి తీరమునకు మనము తెచ్చు మందు విద్యుత్తుపైననే ఆధారపడినచో, గాలివాన కురిసి తేమ నూటికి నూరగు దినముననే ఆ మందు మూగవోవును. కిటికీలు మూసి మేకులు కొట్టిన ఇంటికి అప్పుడు దిక్కెవరు? తెరచు కిటికీ గల యిల్లు వాన వెలిసిన మరునాడు ఊపిరి పీల్చుకొనును. మూసిన యిల్లు వారమురోజులలో పుట్టగొడుగుల తోట యగును.

ఈ 50 పాళ్ల తేమ, 20 డిగ్రీల వేడి యను మంత్రము ఎచ్చట పుట్టినదో తెలియక జపించువారు పలువురున్నారు. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1941 లో, లండను జాతీయ చిత్రశాలవారు బాంబులకు వెరచి తమ చిత్రములను వేల్సుదేశమునందలి మానడ్ పలకరాతి గనిలోనికి తరలించిరి. ఆ కొండగుహలో వేడి, తేమ ఏడాది పొడుగున ఒకేరీతి నుండునట్లు చేయగా చిత్రముల బాధలు తగ్గెను; 1945 లో లండనునకు తిరిగి వచ్చినంతనే బాధలు మరల మొదలయ్యెను. అచ్చటినుండి నిలకడగల గాలియను సిద్ధాంతము బలపడినది. 1978 లో గారీ థామ్సను వ్రాసిన ప్రసిద్ధగ్రంథము ఆ సంఖ్యలను లోకమంతట వ్యాపింపజేసెను. మంచిదే. కాని అది చలిదేశపు కొండగుహలో పుట్టిన అనుభవము. గోదావరి గట్టున, బంగాళాఖాతపు గాలిలో నిలిచిన సున్నపుగోడల యిల్లు దానికి బద్ధమై యుండవలెనని ఎవరు తీర్పు చెప్పిరి?

చెప్పినవారే నేడు వెనుకకు తగ్గినారు. 2010 లో వెలువడిన ఐరోపా ప్రమాణ మొకటి, వస్తువు చిరకాలము ఏ వాతావరణమున నిలిచి అలవాటుపడెనో దానినే ముందు గౌరవింపుడని చెప్పినది. 2014 లో లోకమునందలి మహా ప్రదర్శనశాలల అధిపతులు కూడి, పెక్కు వస్తువులకు తేమ 40 నుండి 60 పాళ్లవరకు, వేడి 16 నుండి 25 డిగ్రీలవరకు ఉండవచ్చునని మేర సడలించిరి; విద్యుత్తు వృథా తగ్గవలెనన్న తలంపును స్పష్టముగా ప్రకటించిరి. దొరలు విడిచిన కోటును మనము తొడుగుకొని, ఎండలో చెమటలు కార్చుచు, ఇదియే నాగరకత యనుట యెంత కాలము? రాజకీయ దాస్యము 1947 లో తీరినది గాని, సంఖ్యల దాస్యము తీరలేదు.

పోనిండు, వేరు దారి కలదా యందురా? కలదు, అదియు మనవంటి ఉక్కదేశముననే. బ్రెజిల్ దేశమున రియో డి జనీరో సముద్రతీర నగరము. అందు రుయి బార్బోసా యను న్యాయవాది, రాజ్యాంగవేత్త, బానిసత్వ నిర్మూలనమునకై పోరాడినవాడు నివసించెను. ఆయన జననము 1849. మన పంతులుగారికంటె ఒక్క యేడు చిన్న. 1923 లో ఆయన గతింపగా, ఆ యిల్లు 1930 లో ప్రదర్శనశాలగా తెరువబడినది. అందలి గ్రంథములు వేలకొలది. అమెరికాలోని గెట్టి పరిరక్షణ సంస్థవారి సహకారముతో ఈ శతాబ్దారంభమున అచ్చటివారు చేసిన పని గమనింపదగినది. వారు గ్రంథాలయపు గదులను చలిపెట్టెలుగా మార్చలేదు. వెలుపలి గాలిని వడగట్టి, తేమ తగ్గించి, మెల్లగా లోనికి పంపి, వేడిని పైకప్పుదిశగా పోనిచ్చి, బూజు పుట్టు మేరకు తేమ చేరకుండ చూచుకొనిరి. ఇంటి నిర్మాణమునకే గల ఊపిరిని అడ్డుకొనక దానికి తోడుపడు యంత్రమును పెట్టిరి. యంత్రము ఇంటికి సేవకుడు. ఇల్లు యంత్రమునకు కాదు. ఒక న్యాయవాది గృహమునకు రియోలో దక్కిన మర్యాద మన సంస్కర్తల గృహములకు ఆంధ్రమున దక్కరాదా?

మన పూర్వులు కట్టిన యిండ్లకు ఆ ఊపిరి పుట్టుకతోనే కలదు. మందమైన గోడలు పగటివేడిని లోనికి రానీయవు. సున్నపుపూత తేమను పీల్చి మరల విడుచును. ఎత్తైన కప్పుక్రిందినుండి వేడిగాలి పైగవాక్షములగుండ పోవును. మండువా చూరునీటిని ఒకచోటికి చేర్చును. పంచ ఎండను వానను గోడదాక రానీయదు. అట్టి గోడకు సిమెంటు పూసి, పైన నూనెరంగు వేసినచో అది ముక్కు మూసిన మనిషి వంటిది; లోని చెమ్మ బయటికి పోలేక సున్నమునే తినివేయును. పిదప, అయ్యో చెమ్మ వచ్చినది, ఏసీ పెట్టుడు అందురు. గాయము చేసినవాడే మందు అమ్మజూపుట యిది.

కాబట్టి స్మారకగృహముల విషయమున నేను కోరునది ఇంతే. మొదట కప్పుపెంకులు సరిచేసి, చూరునీరు గోడమొదట పడకుండ కాలువ తీయవలెను. గోడలకు సిమెంటు విడిచి సున్నమే పూయవలెను. చెదలకు మార్గములు మూయవలెను. రెండవది, ఒక యేడాది పొడుగున ప్రతి గదిలోను వేడిని తేమను గంటగంటకు తనంతట వ్రాసికొను చిన్న పరికరము నుంచి, లెక్క చేతికి వచ్చిన పిమ్మటనే మందును నిర్ణయింపవలెను. నాడి చూడని వైద్యుని మందు మ్రింగరాదు. మూడవది, మిక్కిలి సుకుమారమైన లేఖలకు, తాళపత్రములకు, వస్త్రములకు గాలి చొరని చిన్న పెట్టెలు చేయించి, తేమ పీల్చు సిలికా గుళికలుంచి, వానిని వేళకు మార్చవలెను. నూరు ఘనమీటరుల గదితో పోరాడుటకంటె ఒక పెట్టెతో పోరాడుట తేలిక గదా! నాల్గవది, బయట తేమ తక్కువైన గంటలలో మాత్రమే గాలిని లోనికి త్రోయు పంకాలు. ఐదవది, అప్పటికిని చాలనిచో, సులువుగా మూయదగిన ఒక్క భాండారపు గదికి మాత్రము తేమను కనిపెట్టి తగ్గించు యంత్రము. అది రాత్రింబవళ్లు నడువవలెను, దానికి కరెంటు సొమ్మును, మరమ్మతు మనిషియు ముందే ఏర్పడియుండవలెను. ఆరవది, అక్టోబరు తుపానులకు ముందే ఏ వస్తువు నెవరు ఎచ్చటికి చేర్చవలెనో వ్రాసియుంచిన కాగితము.

ఇంతటికిని ఇద్దరు అభ్యంతరము చెప్పుదురు. మొదటివారు: చూడవచ్చువారికి ఉక్కపోయదా? పోయును. పంతులుగారికిని పోసినది; అప్పారావుగారికిని పోసినది. ఆ ఉక్కలోనే వారు వ్రాసినారు. అరగంట చెమట పట్టుటచేత మన పిల్లలు చెడిపోరు. పంచలో నొక పంకా, కుండలో చల్లని నీరు చాలును. రెండవవారు: ఇది పేదవాని వాదము, డబ్బున్నచో ఏసీయే మేలు. కాదు. సున్నము తెలిసిన మేస్త్రీకి, తేమలెక్క చూచు ఉద్యోగికి, ఏటేట పెంకులు సవరించు కూలివానికి జీతమిచ్చుట చౌకపని కాదు. యంత్రము కొనుట ఒకనాటి ఖర్చు, ఒకనాటి ఉత్సవము. ఇల్లు కాపాడుట నిత్యవ్రతము. మనకు కొరవడినది ధనము కంటె ముందు ఈ వ్రతము.

చట్టము మన పక్షమున నున్నది. 1960 లో ఆంధ్రప్రదేశమున పురాతన చారిత్రక కట్టడముల చట్టము చేయబడినది. 1976 లో రాజ్యాంగమున చేరిన 51ఎ అధికరణము, మన సమ్మిశ్ర సంస్కృతి వారసత్వమును విలువ యెరిగి కాపాడుట ప్రతి పౌరుని విధి యని చెప్పుచున్నది. ప్రభుత్వోద్యోగి విధి యని మాత్రమే చెప్పలేదు. 2005 నాటి సమాచారహక్కు చట్టము ప్రకారము ఒక్క అర్జీ వ్రాసిన ముప్పది దినములలో ప్రత్యుత్తరము రావలెను. పఠనమందిరమున ఈ పత్రికను చదువు పెద్దలారా, యువకులారా! మీ జిల్లాలోని స్మారకగృహమును గూర్చి నాలుగు ప్రశ్నలు వేయుడు. కప్పును తుదిసారి ఎప్పుడు బాగుచేసిరి? గదులలోని తేమలెక్క యేది? యంత్రమున్నచో అది రాత్రి నడచునా, ఆగునా? తుపాను వచ్చి కరెంటు పోయిన దినమున వస్తువుల నెవరు తీయుదురు? ఈ నాల్గింటికి కాగితముమీద జవాబు లేనిచోట క్రొత్త యంత్రమునకు ఒక్క రూపాయియు మంజూరు కారాదని పట్టుబట్టుడు.

సాయంకాలము అక్కుపల్లి గట్టున నిలిచినచో సముద్రపుగాలి ఊరిలోనికి వచ్చును, తెల్లవారకముందు నేలగాలి సముద్రమునకు పోవును. మా ముసలివారు ఆ రెంటిని లెక్కించియే తలుపు ఎటు పెట్టవలెనో నిర్ణయించెడివారు. ఆ లెక్క తెలిసిన జాతి తన మహనీయుల యిండ్లకు గాలి ఆడకుండ చేసి, వారి పటముల వెనుక బూజును పెంచి, దానిని ఆధునీకరణమని పిలుచుట సిగ్గుచేటు. 1881 లో ఒక పడుచువితంతువు ఆ రాజమహేంద్రవరపు ఇంట అడుగిడుటకు తలుపు తెరువబడినది. ఆ తలుపును మూసి మేకులు కొట్టు అధికారము ఎవరికిని లేదు. ముందు చూరు బాగుచేయుడు.